సిర్కాలో పెరిగిన ముద్ద

ఇవాళ వెనిగర్ సీసాలో జిగురు పొర తేలుతుంటే, వాడాలో పారేయాలో తెలియక నిలబడిపోయాను. పుంగనూరులో మా పక్కింటి బీబమ్మత్త బెల్లం పులియబెట్టి సిర్కా, అంటే వెనిగర్, చేసి వీధంతా పంచేది, గుర్తుందా? అందులో నానిన ఉల్లిపాయలంటే మా చెల్లికి ప్రాణం. ఒకరోజు అది నాలుగు ముక్కలు తిన్నాక, జాడీలో మీగడలాంటి ముద్ద కనిపించింది. అమ్మ చెల్లిని చంకనేసుకుని, జాడీ నా చేతికిచ్చి పక్కింటికి పరుగెత్తింది.

“దీంట్లో ఏందో పెరిగిండాదక్కా. బిడ్డకేమన్నా అయితాదా?”

బీబమ్మత్త వాసన చూసి, ఆ ముద్దను కాస్త చిదిమి నోట్లో వేసుకుంది.

“ఇది సిర్కాకు తల్లిలేమ్మా, పులిసేటప్పుడు ఇట్లే కడతాది. ఏం కాదు. బొచ్చు మాదిరి బూజు పడితేనే పారెయ్యాల.”

అయినా సాయంత్రం దాకా అమ్మ చెల్లిని ఒళ్ళోంచి దించలేదు. చెల్లేమో ఇంకో ముక్క కావాలని ఏడుస్తూనే ఉంది.