సైలస్ కుట్టిన పాటల పుస్తకాలు

జిప్పోరాకు కోపమొస్తే నాంపల్లి స్టేషన్‌లో ఆగిన రైలు సిగ్నల్ కూడా చూసుకోకుండా బయల్దేరుతుందని వాళ్ల గల్లీలో చెప్పుకుంటారు. నమ్మనివాళ్లు ఆ సోమవారం చర్చి దగ్గరుంటే సరిపోయేది. సర్కారు దవాఖానలో ముప్పై రెండేళ్లు ఆయాగా చేసి, పెద్ద పెద్ద డాక్టర్ల చేత వార్డు బయటే చెప్పులు విడిపించిన మనిషి ఆమె.

తమ్ముడు సైలస్ ఆదివారం పొద్దున పోయాడు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుని, ఒక కాలేజీ పిల్లతో "ఈ డిక్షనరీల లేని మాట కావాలంటే నన్నడుగు బిడ్డా" అని గొప్పలు పోతూ, ఛాతీ పట్టుకుని ఆ పుస్తకాల మీదికే ఒరిగిపోయాడు. యాభై నాలుగేళ్లు. భార్య కృపాజ్యోతికి అప్పట్నుంచి నోట మాట లేదు. ఆమె వంతు మాటలు కూడా జిప్పోరాయే మాట్లాడుతోంది.

శవపెట్టె చర్చి మెట్ల దాకా వచ్చింది. కమిటీ సెక్రటరీ ఆశీష్ అడ్డం నిలబడ్డాడు.

"ఆంటీ, లోపలికి కుదరదు. ఏడాదిగా ఆరాధనకు రానోళ్లకు సమాధుల దగ్గరే ప్రార్థన. రూల్."

"ఎవరు రాసిన్రు?"

"కమిటీ."

"సండే స్కూల్ల లాగు తడుపుకుంటే కడిగిన చెయ్యి ఇది. నాకే రూల్ చెప్తున్నవా?"

వెనక ఎవరో నవ్వబోయి, దగ్గినట్టు సర్దుకున్నారు.

"ఆబిడ్స్‌ల పాత పుస్తకాల బజారు ఆదివారమే కదరా! వారం తిండి గా ఒక్కరోజుల్నే."

"దేవుని దినం కదా ఆంటీ..."

ఆ మాట జిప్పోరాకు చురుక్కున తగిలింది. అది తన మాటే. పోయిన క్రిస్మస్‌కు తమ్ముణ్ణి అందరి ముందూ దెప్పింది: "ప్రభువుకు ఆదివారం సెలవిచ్చినవారా?" వాడు నవ్వి, "నేను శనివారం కలుస్తున్న అక్కా, ఆయనకు గప్పుడు రద్దీ ఉండదు" అన్నాడు.

పరాచికమనుకుంది. కాదని నిన్న చర్చి వాచ్‌మన్ ఏడుస్తూ చెబితే తెలిసింది. ప్రతి శనివారం సాయంత్రం సైలస్ తాళం తీయించుకుని, చిరిగిన పాటల పుస్తకాలు ఒక్కొక్కటే విప్పి, దారంతో కుట్టి, మైదా జిగురుతో అట్టలేసి, అట్టల నడిమి వీపుకు ఎర్రగుడ్డ అంటించేవాడట. కమిటీ మాత్రం ఏడాది రిపోర్టులో 'పుస్తకాలు బాగు చేయించాం' అని దర్జాగా రాసుకుంది. జిప్పోరాకు కమిటీ మీద మండింది. తన నాలుక మీద అంతకన్నా మండింది.

"మంచిది. వాడు లోపలికి రావద్దు. మరి వాడు కుట్టినవి లోపలెందుకు?"

ఆశీష్‌ను మోచేత్తో తప్పించి లోపలికి వెళ్లింది. బెంచీల మీది ఎర్రవీపు పుస్తకాలను కొంగులో నింపుకొచ్చి పెట్టె చుట్టూ పేర్చింది. మళ్లీ వెళ్లింది. మూడోసారి కృపాజ్యోతి కూడా లేచి, కొంగు దోపుకుని వెంట నడిచింది. ఆ తర్వాత కోయిర్‌లో పాడే ఆడవాళ్లు. ఐదు నిమిషాల్లో నాలుగొందల పుస్తకాలు బయటపడ్డాయని ఒక లెక్క. వెయ్యి అని ఒట్టేసేవాళ్లూ ఉన్నారు.

"ఆంటీ, వచ్చే ఆదివారం పాటలెట్ల?"

"రూల్స్ ఉన్నయి గదా, రాగం కట్టి పాడుకోండి!"

ఆశీష్ ఖాళీ బెంచీల వంక చూశాడు, పాస్టరుగారి వంక చూశాడు. ఆయన అప్పటికే తలుపు రెండో రెక్క కూడా తెరుస్తున్నాడు.

"సరే ఆంటీ. తీసుకురండి."

"తీసుకురండి కాదు. నువ్వు పట్టు. తల దిక్కు."

ఆశీష్ కోటు విప్పి భుజం పెట్టాడు. మెట్టు మీద కాలు తడబడింది.

"మెల్లగ! వానికి దెబ్బ తాకిందో, నీకు నేను తాకిస్త," అంది జిప్పోరా, రెండు చేతులతో పెట్టెను తనూ ఎత్తిపట్టుకుంటూ.