మంచుకొండ మీంచి దూకే మా జపాన్ సూపర్‌వైజరు

మొన్న శుక్రవారం కువైట్‌లో, ఫింటాస్‌లోని మా ఫ్లాట్‌లో కాఫీ తాగుతూ టీవీ పెట్టుకుంటే, యాభై దాటిన జపాన్ ఆటగాడొకాయన కాళ్ళకు పొడవాటి స్కీలు కట్టుకుని, మంచుకొండ మీది ఏటవాలు బాట వెంట జారుకుంటూ వచ్చి అమాంతం గాలిలోకి లేచాడు. "ఈ వయసులో ఈయనకిదేం పనండీ!" అని మా ఆవిడ నవ్వింది గానీ, అదే ఆట ఆడిన మరొక మనిషి చలవ వల్లే ఇన్నేళ్ళు ఇక్కడ అన్నం తిన్నానని గుర్తొచ్చి నేను కాఫీ కప్పు పక్కన పెట్టేశాను.

కోనసీమ నుంచి వచ్చిన కొత్తలో షుఐబాలోని ఒక ప్లాంటులో పరంజాలు కట్టే పని నాది. మా సూపర్‌వైజరు జపాన్ ఆయన, నలభై దాటినవాడు, ఎనిమిదో ఏట నుంచీ మంచులో దూకుతున్నవాడు. మేమంతా మామిడిపళ్ళ రోజుల్లో సెలవు అడిగితే ఆయన ఏటా చలికాలంలోనే వెళ్ళి పోటీల్లో దూకి, ఒకసారి చెయ్యి విరగ్గొట్టుకునీ, ఇంకోసారి అందరికంటే వెనకబడీ తిరిగొచ్చి, రెండు కబుర్లూ ఒకే చిరునవ్వుతో చెప్పేవాడు.

ఒకరోజు ఉదయం పై అంతస్తులో నా కాలి కింద పలక జారింది. సేఫ్టీ బెల్టు ఆపింది గానీ, కిందికి దింపేలోగా గాలిలో వేలాడిన ఆ కాసేపటికే నాలోని ధైర్యమంతా ఇంకిపోయింది. మర్నాడు రెండు మెట్లెక్కేసరికి కాళ్ళు వణికాయి, మూడోనాడూ అంతే. "ఖలాస్, ఇక ఇతని పని అయిపోయింది, ఇంటికి పంపించేద్దాం" అన్నాడు ఫోర్‌మన్. ఇద్దరు చెల్లెళ్ళ చదువులు నా మీదే ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచక నీళ్ళ డ్రమ్ము పక్కన తల వంచుకు కూర్చున్నాను.

జపాన్ ఆయన వచ్చి నా పక్కనే చతికిలబడి, వచ్చీరాని హిందీలో, "నాకు ఇప్పటికీ ప్రతిసారీ భయమే. అది పోయాకే దూకుదామనుకుంటే ఒక్కసారి కూడా దూకేవాణ్ణి కాదు" అన్నాడు. ఫోర్‌మన్‌కి నచ్చజెప్పి, రోజూ పని మొదలవకముందే నాతోపాటు తానూ నిచ్చెన ఎక్కాడు. మొదటిరోజు నడుమెత్తు, మర్నాడు నిలువెత్తు, అలా మూడు వారాలకి పై అంతస్తు చేరాం. వణుకు పోలేదు గానీ చేతులు పని చేశాయి. ఆయన నా బెల్టు కొక్కేన్ని ఒకసారి లాగి చూసి దిగిపోయాడు. తర్వాత స్వదేశం వెళ్ళిపోయినా ఆట మానలేదు; అరవయ్యో ఏట పెద్దవయసువాళ్ళ పోటీలో దూకిన ఫోటో నాకు పంపాడు. చెల్లెళ్ళిద్దరూ ఈరోజు టీచర్లు. ఆయన ఋణం ఏమిచ్చి తీర్చుకోను?

ఇప్పుడు పైకెళ్ళడానికి లిఫ్టులున్నాయి, కింద వలలున్నాయి, భద్రత చూసే ఉద్యోగం నాదే. అన్నీ మంచికే. కానీ భయపడ్డ మనిషితో మూడు వారాలు మెట్లెక్కే తీరిక మాత్రం ఎవరికీ లేదు. పోయిన నెల, పైన భయంతో కాళ్ళు బిగుసుకుపోయిన కడప అతన్ని గోడౌనుకి మార్చమన్న కాగితం మీద నేనే సంతకం పెట్టి, దాన్ని దయ అనుకున్నాను. అతను నాకు దణ్ణం పెట్టి, తల దించుకుని వెళ్ళాడు.