సుందరరాజుకు అన్నీ కమ్మగుంటాయి

హెల్త్ ఇన్‌స్పెక్టర్ సుందరరాజుకు ఒక జబ్బుంది. మందు ఏదైనా సరే, జనానికి ఇచ్చే ముందు తాను నోట్లో వేసుకోవాలి. చప్పరించి, "కమ్మగుంది" అనాలి. మలేరియా మాత్ర కొరికి కూడా ఆయన ఆ మాటే అన్నాడు. దాని చేదు తెలిసినవాళ్లెవరూ ఆ పూట ఆయన మొహం చూడలేకపోయారు.

నంద్యాలలో ఆయన పనిచేసే ఆఫీసులోనే నేను గుమాస్తాను. చేపనూనె సీసాలు వచ్చినా, బావిలో బ్లీచింగు కలిపినా గ్లాసు పట్టుకుని ముందు నిలబడేది ఈయనే. "నోట్లో పోసుకోకుండా ఎట్ట పంచేదప్పా?" అనేవాడు. నాకైతే వట్టి కక్కుర్తి అనిపించేది.

ఒకసారి వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాను. ఆయన భార్య లూదియా పెట్టిన పప్పులో ఉప్పన్నదే లేదు. నేను మొహమాటానికి మింగుతుంటే, ఈయన మారు వడ్డించుకుని "కమ్మగుంది" అన్నాడు. లూదియా ఆయన వంక ఒకసారి చూసి, ఉప్పు గిన్నె నా ముందుకు జరిపింది. పెళ్లామంటే ఇంత భయమా అని లోపల్లోపల నవ్వుకున్నాను.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో నార్వే నుంచి డాక్టర్ ఇంగ్రిడ్ వచ్చింది. వాంతులు, బేదులతో పసిబిడ్డలు పోతున్నారు కదా, ఉప్పూ చక్కెరా కలిపిన పొట్లాలు పల్లెలకు పంపాలని వాళ్ల దేశమూ మన ప్రభుత్వమూ కలిసి పథకం వేస్తున్నాయి. ముందు ఆళ్లగడ్డ చుట్టుపక్కల పంచి చూడాలి. జనం తాగితే జిల్లా అంతా ఇస్తారు, లేకపోతే పెట్టెలు సర్దుకుని పోతారు. పంచడమైతే పంచారు గానీ, పొట్లాలన్నీ ఇళ్ల చూరుల్లో దోపినవి దోపినట్టే ఉన్నాయి.

నంద్యాలలో మీటింగు పెట్టారు. రుచి బాగాలేక తాగడం లేదేమో, నారింజ వాసన కలుపుదామా, నిమ్మ కలుపుదామా అని పొద్దున మొదలైన చర్చ భోజనాల వేళకూ తెగలేదు. చివరికి రుచుల పండితుడని సుందరరాజును పిలిచారు. ఆయన రెండూ తాగాడు.

"ఏది బాగుంది?" అని మా ఆఫీసు పెద్ద డాక్టరు అడిగాడు.

"నారింజ కమ్మగుంది సార్."

"మరి నిమ్మ?"

"అదీ కమ్మగుంది."

పెద్ద డాక్టరు తల పట్టుకున్నాడు. "ఆ తల్లులనే అడుగుదాం పాండి సార్" అన్నాడు సుందరరాజు. నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే ఇంగ్రిడ్ లేచి నిలబడింది.

ఆళ్లగడ్డ అవతల ఒక పల్లెలో కొండమ్మ అనే ఆమె కూతురిని ఒళ్లో వేసుకుని వాకిట్లో కూర్చుని ఉంది. బిడ్డ కళ్లు లోతుకు పోయాయి, ఏడవడానికి కూడా ఓపిక లేదు. సుందరరాజు చెంబులో నీళ్లు అడిగి, పొట్లం విప్పి కలిపాడు. కొండమ్మ చెంబును పక్కకు నెట్టింది.

"వద్దు సామీ. ఇది తాగితే ఆడబిడ్డకు రేపు కడుపు పండదంట. ఆపొద్దు మొగోళ్లను లారీల్లో ఎత్తుకపోయి కోసిరి. ఇప్పుడు బిడ్డల మింద పడితిరా?"

ఎమర్జెన్సీ పోయినా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల భయం పోలేదన్నమాట. నారింజా నిమ్మా అని కొట్టుకున్న మాలో ఒక్కరికీ ఇది తట్టలేదు.

సుందరరాజు వాదించలేదు. గ్లాసులోకి వంచుకుని గటగటా తాగేశాడు. "కమ్మగుందమ్మా. నా ఇంట్లోనూ ఆడబిడ్డ ఉండాది. పోయిన నెల దానికీ ఇదే తాపితి."

"ఆ తెల్లామె తాగుతాదా?" అంది కొండమ్మ.

ఇంగ్రిడ్ తాగింది. ఇక నాకు తప్పుతుందా, నేనూ తాగాను. కొండమ్మ మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసి, చెంచా అందుకుంది. మేము అక్కడే కూర్చున్నాం. పొద్దు వాలే వేళకు బిడ్డ కళ్లు తెరిచి, చెంచా పట్టుకుని లాగింది. నా ప్రాణం లేచొచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు జీపులో అడిగాను. "చవుడు నీళ్లలో చక్కెర వేసినట్టుంది. అది కమ్మగుందంటావేందన్నా?"

"నాకేం తెలుసప్పా. టైఫాయిడ్ వచ్చిపోయిన కాన్నుంచి నా నాలిక్కి రుచే తెలీదు."

"మరి అన్నీ ఎందుకు తాగేది?"

"తల్లులు చూస్తాంటారు గదా. మనం మింగంది వాళ్ల బిడ్డకెట్ట మింగిస్తాం?" గొంతు తగ్గించాడు. "లూదియాకు చెప్పొద్దు. తన వంట నాకు ప్రాణమని సంబరపడతాంటాది."

ఇంగ్రిడ్ రాసిన పథకంలో నారింజా నిమ్మా రెండూ ఎగిరిపోయాయి. పంచేవాళ్లు ముందు తాము తాగాలన్న మాట వచ్చి చేరింది. చూరుల్లోని పొట్లాలు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

ఆ ఆదివారం చర్చి అయ్యాక వాళ్లింటికి భోజనానికి పిలిచారు. సుందరరాజు పెరట్లో చేతులు కడుక్కుంటుంటే, నేను ఆయన్ని చూసి నవ్వుకోవడం లూదియా కంటబడింది.

"ఆయనకు రుచి తెలీదని నీకు చెప్పినాడా అన్నా?"

నేను తెల్లబోయాను. "నీకెట్ట తెలుసమ్మా?"

"ఆపొద్దు ఉప్పెయ్యకుండా పప్పు పెట్టి చూసినా గదా. నాకు తెలుసని ఆయనకు చెప్పొద్దన్నా. మెచ్చుకుని నన్ను మురిపిస్తాండానని సంబరపడతాంటాడు."

సుందరరాజు చేతులు తుడుచుకుంటూ వచ్చి పీట మీద కూర్చున్నాడు. పప్పు కలిపి, మొదటి ముద్ద ఇంకా నోటి దాకా పోకముందే "కమ్మగుంది" అన్నాడు.