బావకు అలవడని వెడల్పు

మా అక్క భర్త, నాకన్నా మంచి పనివాడు, పోయిన నెల విషజ్వరంతో కన్నుమూశాడు. నేను రేకు సాగగొడుతుండగా వాళ్ల పక్కింటాయన షెడ్డు గుమ్మంలో నిలబడి, "మీ బావ లేడప్పా" అన్నాడు. సుత్తి ఎక్కడ పెట్టానో గుర్తులేదు. "నాకన్నా మంచి పనివాడు" అన్న మాట మాత్రం ఆయన బతికుండగా ఎన్నడూ నా నోట రాలేదు. ఇప్పుడు రాయడమూ సులువుగా లేదు.

మాది కార్లకు బాడీ కట్టే పని. ఇంజను, చక్రాలు, అడుగు చట్రం ఎవరో చేస్తారు. దాని మీద కొయ్య పంజరం బిగించి, అల్యూమినియం రేకు కప్పేది మేము. నగర్తపేటలో బావ వాళ్ల తాతల నాటి ఇత్తడి పని కొట్టమే మా షెడ్డు. యుద్ధం నడిచినన్నాళ్లూ మిలిటరీ లారీలకు పెట్టెలు కట్టాం. పెట్టెలో ఈర్ష్య పడడానికి ఏముంటుంది? ఆ ఏళ్లలో మా ఇద్దరి మధ్య ఒక్క మాట తేడా రాలేదు.

యుద్ధం ముగిశాక దొరలు కొందరు ఊరు విడుస్తూ తమ స్పోర్ట్స్ కార్లు అమ్ముకుపోయారు. కాఫీ తోటల యజమాని ఒకాయన అలాంటి రెండు సీట్ల బండి కొని, వెనక భాగం పాడైపోయిందని, కొత్తది కట్టమని మా దగ్గరికి తెచ్చారు. తగువు అక్కడ మొదలైంది.

నాకు కారు వెనక భాగం వెడల్పుగా, చక్రాలను కప్పుతూ నిండుగా ఉండాలి. సర్జాపుర పక్క సేద్యగాళ్ల ఇంట పుట్టినవాణ్ణి.

"సంతలో ఎద్దును కొనేవాడు తుంటి చూసి కదా కొంటాడు బావా" అన్నాను.

మాట్లాడేముందు అరచేతిని పంచెకు తుడుచుకోవడం బావ అలవాటు. తుడుచుకుని అన్నాడు: "ఎద్దు బరువు లాగాలప్పా. ఇది ఉరకాల్సిన బండి. వేటకుక్క నడుము చూసినావా, ఎట్ల సన్నంగా ఉండాది? చక్రాలు బయటికి కనపడనీ. వాటికేం సిగ్గు?" బండి వెనక్కి పోయి నిలబడి, "ముందు పక్క కొన్నోడిది. వెనక పక్క ఊరిది. బండి పోతా ఉంటే ఊరు చూసేది దాన్నే" అన్నాడు.

తోట యజమాని నవ్వి, చెరొక కొయ్య పంజరం కట్టి చూపించమన్నారు. కట్టాం. నాది బిగించినప్పుడు ఆయన చుట్టూ తిరిగి, బాగుందన్నారు. బావది బిగించినప్పుడు ఏమీ అనలేదు. కారు వెనక నేల మీద గొంతుక్కూర్చుని అలాగే చూస్తూ ఉండిపోయారు. బాగుందన్న మాటకన్నా ఆ మౌనం ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. అన్నం క్యారియరు తెచ్చిన నా భార్య కూడా, నేను అడక్కుండానే, "అన్న చేసిందే బాగుండాది" అంది. ఆ పూట క్యారియరు మూత తీయలేదు.

అప్పట్నుంచి వచ్చినవాళ్లంతా "సన్నంగా చేసే ఆయన ఉండాడా?" అని అడిగేవాళ్లు. నేనున్నానంటే, పరవాలేదు, వచ్చేదాకా కూర్చుంటాం అనేవాళ్లు. బావ కళ్లు మూసుకుని రేకు మీద అరచెయ్యి ఒక్కసారి జరిపితే, ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో తెలిసిపోయేది. ఆయన లేనప్పుడు నేనూ కళ్లు మూసుకుని చూశాను. రేకు చల్లగా తగిలింది, అంతే.

కిందటేడు ఒక వకీలుగారు నిండైన వెనక భాగమే కావాలని పట్టుబట్టారు. ఆ పని నాకొచ్చింది. పూర్తయిన రోజున బావ వచ్చి, అరచెయ్యి తుడుచుకుని, ఈ చివర్నుంచి ఆ చివరికి జరిపాడు. "ఇది నాకు రాదు సార్. ఈయప్ప చేతిలోనే ఉండాది" అని వకీలుగారితో అన్నాడు. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది. ఆయన పనిని ఒక్కసారి మెచ్చుకోవాలంటే నేను పళ్లు బిగపట్టాలి. ఈయన అంత మాట అంత తేలిగ్గా ఎలా అనేశాడు? ఆ మనసు కూడా ఆయనకే ఇచ్చాడా దేవుడు?

కర్మలు ముగిశాక అక్క నన్ను పెరట్లోకి పిలిచింది.

"నీకు చెప్పొద్దన్నాడు. ఇంక దాచి ఏం చేసేది?" అంది. "నువ్వు ఆ వకీలు బండి చేసినావు చూడు, అప్పట్నుంచి ఆయనకి నెమ్మది లేదురా. నీ తమ్ముడికి వచ్చింది నాకెందుకు రాదని, ఆదివారం వస్తే ఈడ కూచొని కొడతా ఉండె. ఒకటీ నచ్చలేదు. అన్నీ చితక్కొట్టి పారేసినాడు. ఇదొకటి మిగిలింది."

బొప్పాయి చెట్టు కింద వెల్లకిలా పడి ఉంది, వెడల్పాటి వెనక రేకు. నేను పక్కన కూర్చుని వెలుపలి వైపు చెయ్యి జరిపాను. ఎడమ పక్క వంపు తప్పింది. నిజం రాస్తున్నాను, నా గుండె తేలికపడింది. ఆ తర్వాత కుడి పక్కకు చెయ్యి పోయింది. తుంటి దగ్గర ఎత్తుగా లేచి, ఎక్కడ దిగిందో తెలియకుండా దిగిపోయింది ఆ రేకు. నాకు ఇన్నేళ్లలో ఒక్కసారీ అలా రాలేదు. మళ్లీ అదే ఈర్ష్య. పోట్లాడదామంటే మనిషి లేడు. ఆయన పక్కన లేకపోతే నేను లారీ పెట్టెలతోనే తృప్తిపడి ఉండేవాణ్ణని అప్పుడు అనిపించి, అక్క ముందు తలెత్తలేకపోయాను.

"తీసి పారేయించేదా?" అని అడిగింది అక్క.

వద్దన్నాను. తెల్లవారుజామున కురిసిన వాన అందులో నిలిచి ఉంది. మేము కాస్త పక్కకు జరగ్గానే గోడ మీది పిచ్చుకలు అందులోకి దిగి, వెడల్పుగా ఉన్నచోట మునుగుతూ, రెక్కలు విదిలించుకోసాగాయి.