పొగలేని పొయ్యి గొట్టం

నా కళ్ళ మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

వన్ టౌన్‌లో మా పక్కింటి పిన్ని పొగకు ఎర్రబడ్డ కళ్ళను ఎప్పుడూ కొంగుతో ఒత్తుకునేది. ఎనభైల్లో సర్కారు సబ్సిడీ మీద పొగలేని పొయ్యిలొచ్చాయి. ఆమె పాత పొయ్యి పగలగొట్టి కొత్తది కట్టారు, గొట్టం బిగించారు, పక్కన పిన్నిని నిలబెట్టి ఫొటో తీశారు. వెంటనే గొట్టం పీకేశారు.

"ఏటి బాబూ, అట్టుకుపోతన్నారు?"

"పక్కింట్లో ఫొటో తియ్యొద్దేటమ్మా?"

ఆ ఒక్క గొట్టమే ఉత్సవ విగ్రహంలా మా సందంతా ఊరేగింది. గొట్టం లేని కొత్త పొయ్యి పాతదానికన్నా ఎక్కువ పొగ కక్కింది.

చూపు పూర్తిగా పోయాక కూడా పిన్ని, నా గొంతు వినబడితే చాలు, "ఆ పొటోలో పొగ కనబడతందేట్రా?" అని అడిగి నవ్వేది.

ఒట్టేశాను గనక చెబుతున్నాను. నవ్వేదన్నది నా కల్పన.