బాలిలో వెయ్యిన్నూటపదహార్లు

గోడవైపు ఒక్కసారి చూస్తే ఎన్ని ఇటుకలు పడతాయో చెప్పేస్తాడు యల్లమంద. మాచర్లలో ముప్పై ఏళ్ళుగా తాపీ పట్టిన మేస్త్రీ. కాగితం, పెన్సిలు అడిగిన రోజు లేదు. అలాంటివాడికి బాలి దీవిలో దిగిన గంటకే లెక్క చేతిలోంచి జారిపోయింది.

ఎక్కువ బస్తాలు వాడించిన మేస్త్రీలకు ఒక సిమెంటు కంపెనీ ఇచ్చిన బహుమతి ఆ ప్రయాణం. భార్యాభర్తలకి అయిదు రోజులు. బయల్దేరేముందు చెన్నైలో ఏజెంటు పదివేలు తీసుకుని, పద్దెనిమిది లక్షలకు పైగా బాలి నోట్లు చేతిలో పెట్టాడు. మన రూపాయి అక్కడ నూట ఎనభై అయిదట.

"లక్షాధికారులమే మంగమ్మా!" అని నవ్వాడు యల్లమంద. దీవిలో కొబ్బరిబోండాం తాగేదాకా ఆ నవ్వు ఆగలేదు. బోండాం ఇరవై అయిదు వేలు.

"ఇరవై అయిదు వేలా! దూడొస్తది గదయ్యా!"

ఫోను తీసి కొట్టువాడి అట్ట మీది గళ్ళబొమ్మకు చూపించాడు. మాచర్ల టీకొట్లో చటుక్కున డబ్బు కట్టేసే ఫోను ఇక్కడ మూగబోయింది. నోటు తీసి ఎండకెత్తి చూశాడు. సున్నాలు ఒడ్డుకొచ్చిన నురగ బుడగల్లా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఎన్నో తేల్చుకునేలోపే కలిసిపోతున్నాయి. చివరికి గుప్పెడు నోట్లు విసనకర్రలా పట్టుకుని చాపాడు. కంపెనీ వాళ్ళకిచ్చిన కారు డ్రైవరు వాయన్ వాటిలోంచి రెండు తీసి కొట్టువాడికిచ్చి, మిగతావి యల్లమంద జేబులో పెట్టాడు.

అప్పట్నుంచీ వాళ్ళ డబ్బుకు వాయనే కళ్ళు. ఒడిశా కూలీల దగ్గర యల్లమంద నేర్చిన హిందీ, టూరిస్టుల దగ్గర వాయన్ నేర్చిన హిందీ ఎలాగో కలిశాయి. ఘాట్ రోడ్డులో మంగమ్మకు వాంతులైతే వాయన్ కారాపి నిమ్మకాయ తెచ్చాడు, నీళ్ళు పోశాడు, డబ్బిస్తే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నాలుగోరోజు పొద్దున, "మా కొత్తింట్లో పూజ, మీరు రావాలి" అన్నాడు.

యల్లమందకు చదివింపుల సంగతి గుర్తొచ్చింది. తను కట్టిన ప్రతి ఇంట్లోనూ పీట మీద కూర్చుని బట్టలు పెట్టించుకున్న మనిషి. వాయన్ గడపలో తక్కువైపోకూడదు.

"వెయ్యిన్నూటపదహార్లు చదివిద్దాం," అన్నాడు. వెయ్యి నోటొకటి, వంద బిళ్ళొకటి కవర్లో వేశాడు. పదహారు దొరకలేదు. వీధి చివర దుకాణంలో వేళ్ళు మడిచి అడిగితే, కొట్టావిడ పదహారు చాక్లెట్లు లెక్కపెట్టి ఇచ్చింది.

మంగమ్మ కవరు లాక్కుంది. "ఏందయ్యా ఇది? మన లెక్కన ఆరు రూపాయలు! గృహప్రవేశానికి ఆరు రూపాయలు చదివిస్తావా?"

"వెయ్యిన్నూటపదహార్లు ఎక్కడైనా వెయ్యిన్నూటపదహార్లే గదే..."

"అయితే మన ఇంటికి ఎవరన్నా ఆరు రూపాయలు తెస్తే కాళ్ళకు నీళ్ళిస్తావా?"

యల్లమంద మెట్టు మీద కూలబడ్డాడు. వెయ్యిన్నూటపదహార్లను నూట ఎనభై అయిదుతో గుణిస్తే రెండు లక్షల ఆరువేల చిల్లర వచ్చింది. అందులో పదహారు ఎక్కడా కనబడలేదు. పదహారు లేనిది చదివింపు ఎట్లా అవుతుంది? అంకె నిలబెడితే విలువ పడిపోతోంది, విలువ నిలబెడితే అంకె కరిగిపోతోంది.

మంగమ్మ ఆ వెయ్యీ వందా తీసేసి, చాక్లెట్లు పక్కన పడేసి, లక్ష నోట్లు రెండు పెట్టింది. తన చేతిసంచి అడుగున తడిమి, మాచర్ల బస్సులో మిగిలిన చిల్లర ఏరింది. పది బిళ్ళ, అయిదు బిళ్ళ, రూపాయి. "ఇంద, నీ పదహారు!"

వాయన్ ఇంటి ముందు కొబ్బరాకుల అల్లికలు గాలికి ఊగుతున్నాయి. మైకులో పేర్లు చదివేవాడు లేడు, పుస్తకం పట్టుకుని కూర్చున్నవాడూ లేడు. ఎవరికివ్వాలో తెలియక యల్లమంద రెండుసార్లు ఇల్లు చుట్టొచ్చి, చివరికి వాయన్ చేతిలోనే పెట్టాడు.

వాయన్ నోట్లు చూసి చేతులు జోడించాడు. కవరు వంచితే బిళ్ళలు అరచేతిలో పడ్డాయి. వాటిని అటూ ఇటూ తిప్పాడు. నాలుగు రోజులుగా వీళ్ళ లెక్కలు తేల్చినవాడికి ఆ లెక్క అంతుపట్టలేదు.

"ఇవెందుకు?"

"పదహారు," అన్నాడు యల్లమంద.

"పదహారు ఎందుకు?"

యల్లమంద మంగమ్మ వంక చూశాడు. మంగమ్మ చూరు వంక చూసింది.

"పెట్టాలి. అంతే."

వాయన్ తన తల్లితో వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. ఆమె మూడు బిళ్ళలూ తీసుకుని, గడప పక్కన దేవుడికి పెట్టిన ఆకుదొన్నెలో పూలమీద, అన్నం మెతుకుల పక్కన ఒక్కొక్కటిగా పెట్టింది. తర్వాత చాప పరిచి, యల్లమందను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.