ఒక ‘ఊ’ కోసం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ప్రొద్దుటూరు వైపు ఒక కోర్టులో నేను దుబాసీని. జడ్జిగారికి తెలుగు అంతంత మాత్రం. సాక్షులు చెప్పేది ఆయనకు ఇంగ్లీషులో చెప్పడం నా పని.

ఒకరోజు ముద్దనూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ బోనెక్కింది. పొలం తనకు అమ్మడానికి ఆమె ఒప్పుకుందని మరిది దావా వేశాడు.

“మీ మరిది అడిగితే ఏమన్నావు?” అన్నాడు అతని వకీలు.

“ఆయప్ప చెప్తాంటే ఊ అంటాంటి సామీ.”

“ఒప్పుకుందని చెప్పవయ్యా!” అని వకీలు నన్ను గదమాయించాడు.

“వింటున్నానని మాత్రమే అంది” అని నేను జడ్జిగారికి చెప్పాను.

“దుబాసీ ఆమె తరఫున వాదిస్తున్నాడు!” అని వకీలు అరిచాడు.

“మాటకు అర్థం చెప్పడమే నా ఉద్యోగం. ఆమె అనని మాట నా నోట రాదు” అన్నాను.

జడ్జిగారు తన వచ్చీరాని తెలుగులో ఆమెనే అడిగారు.

“ఊ అంటే ఇంటాండా అని సామీ. ఒప్పుకునేదాన్నయితే సరే అందును గదా!” అందామె. ఆయన అలాగే రాసుకున్నారు.

నేను మాట మార్చి చెప్పానని వకీలు నా మీద పై కోర్టుకు అర్జీ పెట్టాడు. క్షమాపణ రాసిస్తే సరిపోతుందని మా కోర్టు గుమాస్తా చెప్పాడు. నేను జరిగింది జరిగినట్టు రాశాను. సంగతి తెలిసి జమ్మలమడుగు, పులివెందుల కోర్టుల దుబాసీలు బస్సెక్కి వచ్చి, ఎవరూ అడగకుండానే నా సంతకం కింద తమ సంతకాలు చేశారు.